ఉప్పు మరకల మందు

ఆ ఉదయం ఎదురింటి మామి మా గేటు దగ్గరికి వచ్చి పిలిచేసరికి నేను ఇంకా కాఫీ తాగుతున్నాను.

"ఏమప్పా, ఒక్కసారి రాప్పా. ఈయన స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకున్నారు. ఊరికే దగ్గతా ఉండారు. పిలిస్తే పలకడంలే."

గ్లాసు పిట్టగోడ మీద పెట్టి వెళ్లాను. వాళ్లది పొడుగాటి పాత ఇల్లు. స్నానాలగది పెరటి చివర. నేను తలుపు కొట్టబోయేలోపే లోపల గడియ తీసిన చప్పుడైంది. పెద్దాయన తడి పంచెతో బయటికి వచ్చారు. కండువా నోటికి అదుముకుని ఉన్నారు. కళ్లు ఎర్రగా ఉబ్బి నీళ్లు కారుతున్నాయి. ఆయన వెనకే వాసన వచ్చింది. మంచినీళ్ల ట్యాంకు కడిగిన రోజున వీధిలో కొట్టే వాసనే అది. కాకపోతే ఇది ముక్కు దగ్గర ఆగలేదు, నేరుగా గొంతులోకి దిగి గీరింది.

బట్టలు ఉతికే రాయి మీద కూర్చోబెట్టాం. మామి చెంబుతో నీళ్లిచ్చింది. ఆయన రెండు గుక్కలు మింగి, నావైపు చూసి ఏదో అన్నారు. పెదవులు కదిలాయి కానీ నాకేమీ వినపడలేదు. నేను వినిపించుకోలేదనుకుని మళ్లీ అన్నారు, ఈసారి మెడనరాలు ఉబ్బేలా. గాలి మాత్రమే వచ్చింది. ఆయన నోరు మూసుకున్నారు. ఎవరో పిలిచినట్టు ఒక్క క్షణం పక్కకు చూసి, కుడిచేతిని మెల్లగా గొంతు మీద పెట్టుకున్నారు.

మామి చెంబు కింద పెట్టేసింది. "నాలుగు దినాల్లో గుడిలో గోష్ఠి మొదలు గదా" అంది.

ఆటో పిలవమని మా ఆవిడకు కేకేసి, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని నేను ఆ గదిలోకి వెళ్లాను, గాలి ఆడేలా ఏదైనా తెరుద్దామని. గదికి కిటికీ లేదు. పైన జానెడు వెడల్పున ఒక వెంటిలేటర్ ఉంది. కోతులు దూరి సబ్బులు ఎత్తుకుపోతాయని దానికి లోపలి నుంచి చెక్క కొట్టించుకున్నారు. నేల మీద తెల్లటి పొడి, దాని మీద ఇంకా బుసబుసమంటున్న నురగ. గోడ గూట్లో ఆకుపచ్చ సీసా ఒకటి ఉంది. సీసా కింద తడిసిన పేపరు ముక్క, కత్తెరతో శ్రద్ధగా కత్తిరించింది. దాన్ని చదవాల్సిన అవసరం నాకు లేదు. రాసింది నేనే. అందులో ఒక వాక్యం కింద ఎర్రసిరా గీత ఉంది, తడికి సిరా కొంచెం పాకింది. గుడిలో చెప్పే పాశురాల పుస్తకాల్లో ముఖ్యమైన చోట అలా గీత పెట్టుకోవడం పెద్దాయనకు అలవాటు.

"ఇన్నాళ్లలో చెప్పిన మాట నిలబెట్టుకున్నది ఇదొక్కటే" అన్న వాక్యం అది.

*

నేను ఒక దినపత్రికలో పనిచేశాను. మొదట చిత్తూరులో విలేకరిగా, తర్వాత తిరుపతి ఎడిషన్ డెస్కులో. పెద్ద వార్తలు రాసినవాణ్ణి కాదు. కరువు, కాలవలు, మామిడి ధర, రేణిగుంటలో ఆగే రైళ్లు, ఆగని రైళ్లు. ఉద్యోగం చివరి ఏళ్లలో జిల్లా అనుబంధంలో వారానికోసారి ఒక చిన్న శీర్షిక నడిపాను. టీవీలో అమ్మే శుభ్రం చేసే సరుకులు నిజంగా చెప్పినట్టు పనిచేస్తాయా లేదా అని ఇంట్లో వాడి చూసి రాయడం.

అది నా ఆలోచన కాదు. బంగారుపాళ్యం నుంచి ఒకామె ఉత్తరం రాసింది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే పని ఆమెది. మామిడి సొన పడితే బట్ట మీద మరక చచ్చినా పోదు. టీవీలో చూసి, ఫోన్ చేసి, ఏదో పొడి తెప్పించుకుంది. "మరక యాడికీ పోలేదు సార్, చీర రంగు పోయింది. ఇప్పుడు చీరంతా తెలుపు, మరక మాత్రం నల్లగా బాగా కనపడతా ఉండాది. మీరు పేపరోళ్లు గదా, టీవీలో వాళ్లు చెప్పేది నిజమో అబద్ధమో మీరన్నా సూసి చెప్పండి" అని రాసింది. మా ఎడిషన్ ఇన్‌చార్జి అది చదివి నవ్వి, నవ్వు ఆపి, "బాగుందబ్బా, చెయ్యి" అన్నాడు.

పరీక్ష చేసేది పేరుకు నేను, చేతులు మా ఆవిడవి. ఆమె ఒక పద్ధతి పెట్టింది. గిన్నె అయినా, గచ్చు అయినా, సోఫా గుడ్డ అయినా సుద్దముక్కతో మధ్యలో గీత గీసేది. గీతకు ఒకవైపు టీవీ సరుకు, రెండోవైపు తను ఎప్పుడూ వాడేది. బూడిద, చింతపండు, కుంకుడు నురగ, నిమ్మతొక్క, ఏదైతే అది. రెండువైపులా సమానంగా రుద్దేది. రుద్దుతూ, "ఇది టీవీ సగం, ఇది మీ యమ్మ సగం" అనేది. మా అమ్మ నేర్పిన పద్ధతులనే ఉద్దేశం. చాలా వారాలు మా అమ్మ సగమే గెలిచింది.

ఇత్తడి తళతళలాడించే క్రీము తళతళలాడించింది, మూడో రోజుకు చెంబు ముందుకంటే నల్లబడింది. పొయ్యి మీద జిడ్డును "ఒక్క తుడుపుతో" పోగొట్టే స్ప్రేకి పదకొండు తుడుపులు పట్టాయని మా ఆవిడ లెక్కబెట్టింది. వంగకుండా ఇల్లు తుడిచే కర్రకు తల తిరుగుతుందన్నారు. తిరిగింది, ఊడింది, మంచం కిందికి పోయింది, దాన్ని తీయడానికి ఇద్దరం వంగాల్సి వచ్చింది. నేను గమనించిందేమిటంటే, టీవీలో మరక ఎప్పుడూ అప్పుడే పడుతుంది. వాళ్లే పోస్తారు, వాళ్లే తుడుస్తారు. మన ఇళ్లలో మరకలు అలా ఉండవు. అవి ఇంటి మనుషులకంటే ముందు నుంచి ఉంటాయి.

పాఠకులకు టీవీ ఓడిపోవడం ఇష్టం. ఆఫీసులో కుర్రవాళ్లు "ఏమన్నా, ఈ వారం ఏం తోమినావు?" అని ఏడిపించేవారు. ఉత్తరాలు మాత్రం నా ముప్ఫయ్యేళ్ల వార్తలకు రానన్ని వచ్చేవి. ఆడవాళ్లు ఆ శీర్షిక కత్తిరించి వంటింటి గోడలకు అతికించుకుంటున్నారని తెలిసినప్పుడు గర్వంగా అనిపించింది. అది నిజం, దాచను.

*

మా వీధిలో బోరునీళ్లు. బకెట్లు, చెంబులు, కొళాయిలు, పలకలు అన్నిటికీ తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. దాన్ని మా ఆవిడ రాతిముక్కతో గీకేది. మా అమ్మ సగం దగ్గర దీనికి మందు లేదు. చింతపండు కొంత లాగుతుంది, అంతే. అందుకే ఉప్పు మరకల మందు ఆకుపచ్చ సీసాలో వచ్చినప్పుడు ఆమె దాన్ని పరీక్షగా కాక ఆశగా చూసింది.

మా స్నానాలగదిలో చేశాం. రెండు కిటికీలూ తెరిచే ఉన్నాయి. సుద్దగీత గీసింది, ఒకవైపు పోసింది. పది నిమిషాలు కదలకుండా వదిలేయమని టీవీలో చెప్పారు, వదిలేశాం. నీళ్లు కొట్టగానే ఆ సగం కొత్త ఇంటి పలకల్లా బయటపడింది. ఇల్లు కట్టిన నాడు ఆ పలకల మీద చిన్న నీలిపువ్వు ఉండేదని ఇద్దరం మరిచిపోయాం. ఆ పువ్వు కనపడింది.

మా ఆవిడ ఆ పువ్వు మీద వేలు పెట్టి చూసింది. తర్వాత, "ఇంత బలమైంది మంచిది కాదేమో" అంది.

"నీ రాయి ఓడిపోయిందని కడుపుమంట" అన్నాను.

"అవునబ్బా, నాకు రాయంటే మోజు. రాసుకో పో" అంది.

రాసుకున్నాను. ఆ రాతలో సంతోషం ఉంది. నెలల తరబడి "పనిచేయదు, పనిచేయదు" అని రాసినవాడికి "పనిచేస్తుంది" అని రాసే అవకాశం రావడం మామూలు విషయం కాదు. సీసా ఏమిటి, ఎలా పోయాలి, పది నిమిషాలు ఎందుకు ఆగాలి, నీలిపువ్వు ఎలా బయటపడింది, అన్నీ రాశాను. పోసి కడిగేదాకా మధ్యలో ఎవరూ తలుపు తీసి లోపలికొచ్చి నీళ్లు తగలనివ్వకుండా చూసుకోండి, పది నిమిషాలు పది నిమిషాలే అని కూడా రాశాను.

సీసా వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఇంగ్లీషులో కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. వాటిని కిటికీ దగ్గర భూతద్దంతో చదివాను. ఆ సంగతి బాగా గుర్తుంది. గాలి ఆడేచోటే వాడాలి. బ్లీచింగ్ పౌడర్‌తో కలపరాదు. చదివాను కాబట్టి రాసే ఉంటాను. రాసి ఉంటే, చివర్లో రాసి ఉంటాను.

ఇక్కడ మా వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. పత్రికలో చేరిన మొదటివారంలోనే నేర్పుతారు, ముఖ్యమైనది పైన పెట్టాలి, కానిది కింద పెట్టాలి అని. పేజీలో చోటు చాలకపోతే డెస్కువాళ్లు కింద నుంచి కోస్తారు. మధ్యాహ్నం పూట అనుబంధం పేజీలు కడుతున్నప్పుడు అంతా హడావిడి. చదివి కొయ్యరు, కొలిచి కోస్తారు. నేను కూడా ఎందరివో అలా కోశాను. రాసేవాడికి తెలుసు, ఏ వాక్యం పోయినా ఫర్వాలేదో దాన్ని చివర పెట్టాలని. ముప్ఫయ్యేళ్లుగా నా చెయ్యి దానంతటదే ఆ పని చేస్తోంది.

*

పెద్దాయన గుడిలో గోష్ఠికి వెళ్లేవారు. వాళ్ల ఇంట్లో తాతల కాలం నుంచి అదే సేవ. ఇరవైమంది దాకా రెండు వరసలుగా నిలబడి పాశురాలు చెబుతారు. అరవ పాశురాలను తెలుగు అక్షరాల్లో రాసుకుని చిన్నప్పుడే నోటికి నేర్చుకుంటారు. ప్రతి పాశురానికీ మొదటి మాటలు ఒక్కరే ఎత్తుకోవాలి. ఆ శ్రుతిలో, ఆ నడకలో మిగతావాళ్లు అందుకుంటారు. పద్దెనిమిదేళ్లుగా ఎత్తుకునేది పెద్దాయన. వీధిలో మామూలుగా మాట్లాడితే ఆయనది ప్రత్యేకమైన గొంతేమీ కాదు, కొంచెం ముక్కుతో మాట్లాడేవారు. గుడిలో ఎత్తుకున్నప్పుడు మాత్రం ఆ గొంతుకు ఎక్కడినుంచో వెడల్పు వచ్చేది. నేను గుడికి ఎక్కువ వెళ్లేవాణ్ణి కాదు. మాది బంగారుపాళ్యం పక్క వ్యవసాయపు ఇల్లు, నాకు అరవం సగమే వచ్చు. అయినా ధనుర్మాసంలో కొన్నిసార్లు ఆ గొంతు కోసమే వెళ్లి వెనక నిలబడేవాణ్ణి.

ధనుర్మాసంలో ఇరవైరోజులపాటు గోష్ఠి పెద్దది. దాని ముందు ఆయన ఇంట్లో మడి గట్టిపడేది. పనిమనిషిని స్నానాలగదిలోకి రానిచ్చేవారు కాదు, తనే కడుక్కునేవారు. కడిగి, అక్కడే స్నానం చేసి, ఎవరినీ తాకకుండా నేరుగా దేవుడి గదిలోకి వెళ్లేవారు. అందుకని కడిగేటప్పుడే గడియ పెట్టుకునేవారు. ఆరేసిన మడిపంచెకు గోడమీది ఉప్పు పొడిలా అంటుకుంటోందని ఆయనకు చాలాకాలంగా బాధ. నా శీర్షిక చూసి సీసా తెప్పించుకున్నారు. ఎప్పటిలాగే ముందు బ్లీచింగ్ పౌడర్ చల్లారు. దాని మీద ఈ మందు పోశారు.

తర్వాత జరిగింది ఆయనే నాకు తెలియజేశారు, ఆస్పత్రిలో, మూడో రోజున. గొంతు వాడొద్దని డాక్టరు చెప్పడంతో మామి ఒక నోటుపుస్తకం తెచ్చి ఇచ్చింది. అందులో రాసి చూపించారు.

వాళ్ల ఇంట్లో కాలాన్ని గడియారంతో కొలిచే అలవాటు తక్కువ. పప్పు ఉడకడానికి ఇన్ని పాశురాలు, పాలు చల్లారడానికి ఇన్ని అని మామి కూడా లెక్క చెప్పేది. నిదానంగా పది పాశురాలు చెబితే పది నిమిషాలు. కాబట్టి ఆయన మూలన నిలబడి, తలుపు తీయకుండా, నీళ్లు తగలనివ్వకుండా, పదింటినీ చెప్పడం మొదలుపెట్టారు. ఎత్తుకునేవాళ్లు ఊపిరి బొడ్డుదాకా తీసుకుని మొదలుపెట్టాలి. అలాగే తీసుకున్నారు.

"ఏడో పాశురం దాకా వాసన వస్తోందనే అనుకున్నాను. ఎనిమిదిలో మాట తెగింది. మధ్యలో ఆపకూడదు కదా, తొమ్మిదోది మనసులో చెప్పుకున్నాను" అని రాశారు. చేతిరాత ముత్యాల్లా ఉంది.

నేను ఆ పుస్తకం చేతిలో పట్టుకుని మళ్లీ మొదటినుంచి చదివాను. ఆయన దాన్ని వెనక్కి తీసుకుని, దగ్గరికి రమ్మని వేలితో పిలిచారు. వంగాను. చెవి దగ్గర, శబ్దంలేని గాలితో, "మరక బాగా పోయిందప్పా" అన్నారు. నవ్వారు కూడా. మామి "మాట్లాడొద్దన్నారు గదా డాక్టరు!" అని కసిరి, చీర చెంగుతో కళ్లద్దుకుని బయటికి వెళ్లిపోయింది.

గొంతులో తీగలు కాలి వాచాయన్నాడు డాక్టరు. ఊపిరితిత్తులు ఫర్వాలేదు, అదృష్టం అన్నాడు. గొంతు సంగతి అడిగితే, "కాలం పడుతుంది. వయసు కూడా ఉంది కదా" అన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా ఈ రెండు మాటలే చెప్పాడు. ఎంత కాలమో చెప్పలేదు. పోయినదానిలో మందు వాటా ఎంత, డెబ్బైరెండేళ్ల వయసు వాటా ఎంత అన్నదీ చెప్పలేదు.

ఆ ఏడాది గోష్ఠిలో వేరేవారు ఎత్తుకున్నారు.

*

నేను ఆఫీసుకు వెళ్లి మొదట చేసిన పని ఆ వారం పేజీ తీసి చూడటం. శీర్షిక "చెప్పిన మాట నిలబెట్టుకున్నది ఇదొక్కటే" దగ్గర ముగిసింది. దాని కిందే ఒక ఫర్నిచరు దుకాణం ప్రకటన. జాగ్రత్తల మాట ఎక్కడా లేదు.

నేను పంపిన మూలప్రతి కోసం వెతికాను. అనుబంధం పేజీలవి నెల దాటితే ఉంచరు. కొత్తగా సర్వరు మార్చినప్పుడు పాతవి పోయాయన్నారు. ఇంట్లో నా కంప్యూటర్‌లో రాయలేదు, ఆఫీసులోనే కొట్టాను. పేజీ కట్టిన సబ్ ఎడిటర్‌ను పక్కకు పిలిచాను. మంచివాడు, నేనంటే భయమూ ఇష్టమూ రెండూ ఉన్నాయి.

"ఆ వారం నాది కోసినావా?"

"ఏ వారందన్నా?"

"ఉప్పు మరకలది."

"గుర్తులేదన్నా. కోసింటే రెండు లైన్లు కోసింటా. రోజూ కోసేదే గదా, యాడ గుర్తుంటాది? ఏమైనా అయ్యిందా?"

"ఏమీ కాలేదు" అన్నాను. ఎందుకలా అన్నానో ఇప్పటికీ చెప్పలేను. అతని మీదికి నెట్టకూడదనే మంచితనమో, అతను "లేదన్నా, నేను కొయ్యలేదు" అని గట్టిగా చెబుతాడేమోనన్న భయమో.

మిగిలింది మా ఆవిడ. పంపబోయే ముందు ప్రతి శీర్షికనూ ఆమెకు ఫోన్లో చదివి వినిపించేవాణ్ణి, తప్పులుంటే చెబుతుందని. వంటింట్లో కూరగాయలు తరుగుతూ ఉంటే పక్కన కూర్చుని అడిగాను.

"చివర్లో కలపొద్దని ఏదో చదివినానా?"

కత్తిపీట ఆపింది. "కలపొద్దు అనే మాటైతే ఇన్నట్టే ఉండాది."

"బ్లీచింగ్ పౌడరా?"

"ఏమో. సబ్బుపొడితో కలపొద్దని ఇంకో వారం రాసినావు గదా, సోఫా నురగది. అదో ఇదో." నా మొహం చూసి, మళ్లీ కత్తిపీట మీదికి వంగి, "నువ్వు రాసింటావులే. అంత అజాగరత్త మనిషివి కాదు" అంది.

ఓదార్చడానికి అన్న మాట అది. దానికి ముందు అన్నది సాక్ష్యం. రెండింటికీ తేడా తెలియనివాణ్ణి కాదు, ఆ తేడా మీదే బతికాను.

ఆ తర్వాత ఆ వాక్యం నన్ను పట్టుకుంది. నడుస్తుంటే వస్తుంది. ఒక్కోసారి పూర్తిగా కనపడుతుంది, నేను వాడే మాటలతోనే, చుక్కతో సహా. "గమనిక: దీన్ని బ్లీచింగ్ పౌడర్‌తో కలిపితే విషవాయువు పుడుతుంది." కనపడినప్పుడు ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. కానీ అది అప్పుడు రాసిన వాక్యమా, తర్వాత నా మనసు కట్టుకున్న వాక్యమా అని అడిగితే జవాబు రాదు. రాసి ఉన్నా, ముందే చెప్పినట్టు, ఏది పోయినా ఫర్వాలేదో అది పెట్టే చోట పెట్టాను. ఎలా చూసినా అక్కడికే వచ్చి ఆగుతాను. మా స్నానాలగదిలో ఆ నీలిపువ్వు సగం గోడకే ఉంది ఇప్పటికీ. రెండో సగం మీద ఉప్పు అలాగే ఉంది. మా ఆవిడ దాన్ని రాతితో కూడా గీకడం మానేసింది.

రెండు వారాల తర్వాత నేను ఆ మందు గురించి మళ్లీ రాశాను. ఈసారి జాగ్రత్తే మొదటి వాక్యం. జరిగింది పేరు లేకుండా రాశాను, ఒక పెద్దాయన, ఒక మూసిన గది అని. నా పొరపాటు కావచ్చని కూడా రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో సగం, సీసా ఎక్కడ దొరుకుతుందని అడిగినవే. చిత్తూరు నుంచి ఒకాయన, "మీరు పరీక్షించి మంచిదన్నారు కాబట్టే అడుగుతున్నాను" అని రాశాడు. ఆ శీర్షిక అంతటితో మానేశాను. ఇన్‌చార్జి కారణం అడగలేదు. ఆ చోటులో వంటల శీర్షిక వేశాడు.

టీవీలో ఆ ప్రకటన చాలాకాలం వచ్చింది. అదే పలక, అదే మరక, అదే నవ్వుతున్న ఆడమనిషి. చెప్పేది అబద్ధం కాదు. ఆ సీసా చేస్తానన్న పని చేస్తుంది. నా దగ్గర పరీక్షకు వచ్చిన పాతిక ముప్ఫై సరుకుల్లో పాసయిన ఒకే ఒక్క సరుకది. అబద్ధాలు చెప్పిన సరుకుల వల్ల ఎవరికీ ఏమీ కాలేదు, చీరలు తెల్లబడటం తప్ప.

*

ఆ పేపరు ముక్క ఆయన దగ్గరే ఉందని మామి ఒకసారి చెప్పింది. ఎండబెట్టి, పాశురాల పుస్తకంలో పెట్టుకున్నారట. "ఎందుకు సామీ అదింకా అంటే, చేత్తో ఇట్లా అంటారు, ఉండనీలే అని" అంది. చివర్లో ఇంకో వాక్యం ఉండేదేమో అని నేను ఆయనతో ఇంతవరకూ అనలేదు. రెండుసార్లు అందామని వెళ్లాను. ఒకసారి ఆయన నిద్రపోతున్నారు. ఇంకోసారి మెలకువగానే ఉన్నారు, వక్కపొడి పెట్టి కూర్చోబెట్టారు, నేనే వేరే సంగతులు మాట్లాడి వచ్చేశాను.

ఆరేడు నెలలకు గుసగుసలాంటి మాట వచ్చింది. ఇంటి పనులకు అది చాలు. కూరగాయల బండి అతను "సామి ఏందో రహస్యం చెప్పినట్టు బేరమాడతాడమ్మా" అని మామితో జోకు వేసేవాడు. ఆమె నవ్వేది, ఆయనా నవ్వేవారు. డాక్టరు ఇక రమ్మనడం మానేశాడు. ఇంట్లో మాత్రం ఆయన ఒక్క పాశురం కూడా బయటికి చెప్పరని మామి అంది. పప్పు పొయ్యి మీద పెట్టి గడియారం చూస్తున్నారట.

మరుసటి ధనుర్మాసంలో ఆయన గోష్ఠికి తిరిగి వెళ్లారు. ఎత్తుకునే చోట కాదు, ఎడమ వరసలో నాలుగో మనిషిగా. ఒక సాయంత్రం నేను వెళ్లి స్తంభం పక్కన, ఆయనకు అయిదారడుగుల దూరంలో నిలబడ్డాను. ఆయన చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని ఉన్నారు. ముందున్నవారు ఎత్తుకున్నారు. ఇరవై గొంతులు అందుకున్నాయి. ఆయన పెదవులు ప్రతి అక్షరానికీ సరిగ్గా కదిలాయి, మెడలో నరం కదిలింది, ఊపిరి తీయాల్సిన చోట ఛాతీ పైకి లేచింది. నేను ఆ ఇరవైలోంచి ఒక్కదాన్ని విడదీయాలని చివరిదాకా ప్రయత్నించాను. ఒక్కోసారి దొరికిందనిపించింది, మరుక్షణం అది పక్కాయనదేమో అనిపించింది.

తీర్థం తీసుకుని బయటికి వస్తుంటే, వరసలో ఆయన కుడిపక్కన నిలబడే మనిషి కనపడ్డాడు. ఆపి అడిగాను, పెద్దాయన గొంతు వస్తోందా అని.

అతను కొంచెం ఇబ్బందిపడ్డాడు. "ఆ గోష్ఠిలో నా గొంతే నాకు ఇనపడదప్పా" అన్నాడు. "ఆయన్నే అడగరాదా?"

ఇది రాస్తున్న నాటికి, ఆయన తిరిగి గోష్ఠిలో చేరాక ఇది రెండో ధనుర్మాసం. పెద్దాయన రోజూ వెళుతున్నారు, నాలుగో చోట నిలబడుతున్నారు. ఆయన్ను నేను అడగలేదు, మామి అడగలేదు, ఆయన చెప్పలేదు. ఎత్తుకునే చోటుకు గుడివాళ్లు పక్కా మనిషిని ఇంకా పెట్టలేదు, రోజుకొకరు ఎత్తుకుంటున్నారు.